గుర్రపుమెడ మలుపు దాకా

ఆ రోజు పొద్దున బోజిల్ గుర్రపుమెడ మలుపు దాకా నిజంగా వెళ్ళాడా? లేక సగం దారిలోనే వెనక్కి తిరిగి వచ్చాడా?

ఇది నాకు ఇప్పటికీ తెలియదు. మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని, పొయ్యి పక్కన పుస్తకం చదువుకునే వయసు వచ్చింది నాకు. ఎన్నో కథల్లో ఎన్నో చిక్కుముళ్ళు చివరి పేజీకల్లా విడిపోవడం చూశాను. ఈ ఒక్క ముడి మాత్రం విడలేదు. దాన్ని విప్పగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు, అతను విప్పలేదు.

మా బ్రెజా రొదొపి కొండల మడతలో ఇరుక్కున్న చిన్న ఊరు. మేము పని చేసిన కుట్టు కార్ఖానా ఊళ్ళో ఉండేది కాదు. పైన, కనుమ దగ్గర, సరిహద్దు సైనికులు ఖాళీ చేసి వెళ్ళిపోయిన పొడవాటి కట్టడంలో పెట్టారు దాన్ని. చదునైన కప్పు, వరసగా కిటికీలు, లోపల వరసగా మిషన్లు. ముప్పై మంది ఆడవాళ్ళం మగవాళ్ళ కోట్లు కుట్టేవాళ్ళం. పైకి ఒకటే దారి. ఆ దారిలో పొద్దున మమ్మల్ని ఎక్కించి, సాయంత్రం దించేది బోజిల్ బస్సు.

బోజిల్ కొంచెం వంగిన పొడవాటి మనిషి. సైన్యంలో లారీ నడిపిన చెయ్యి. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఇంట్లో ఎలా ఉండేవాడో తెలియదు గానీ, బస్సును మాత్రం కన్నతల్లిలా చూసుకునేవాడు. మెట్టు పక్కన ఒక చీపురు వేలాడదీసి ఉండేది. బూట్లకంటిన మంచు దులుపుకోకుండా ఎవరినీ ఎక్కనిచ్చేవాడు కాదు.

"ఇది బస్సా, చర్చి గుడా బాబాయ్?" అని వెనెతా రోజూ వెక్కిరించేది.

"చర్చిలోకైతే బురదకాళ్ళతో వెళ్ళు. అక్కడ తుడిచేది నేను కాదు," అనేవాడు.

అంతకు మించి మాట్లాడడు. మాట్లాడిన ఆ కాస్తలో అబద్ధం ఉండదు. అది ఊరంతా ఎరిగిన సంగతి. గుర్రం అమ్మేటప్పుడు దాని కుంటికాలు తనే ముందు చూపించిన మనిషి. కొనడానికి వచ్చినవాడు భయపడి పారిపోయాడట. ఇంకేం లోపాలున్నాయో ఇతను చెప్పడం మొదలుపెడితే పొద్దుపోతుందని.

అందుకే మంచు పడిన రోజుల్లో పని ఉందా లేదా అన్నది అతని మాట మీద ఆధారపడేది. పద్ధతి ఇలా ఉండేది. రొట్టెల కొట్టు ముందున్న కూడలిలో బస్సును ఇంజను ఆపకుండా నిలబెట్టి, మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, కర్ర పట్టుకుని తను ఒక్కడే నడిచి పైకి వెళ్ళేవాడు. గుర్రపుమెడ మలుపు దగ్గర గాలి మంచును పోగేస్తుంది. అక్కడ బస్సు దాటగలిగితే పైనంతా దాటగలదు. అక్కడ దాటలేకపోతే ఇక ఎక్కడా లేదు. కర్ర గుచ్చి చూసి తిరిగొచ్చి, తలుపు దగ్గర నిలబడి ఒక్క మాట చెప్పేవాడు. "తెరుచుకునే ఉంది" అంటే పనికి. "మూసుకుపోయింది" అంటే ఇంటికి. జిల్లా పట్నంలో ఉండే మేనేజరు కూడా ఆ మాటకు ఎదురు చెప్పేవాడు కాదు. బోజిల్ అన్నాడా, అయిపోయింది.

మూసుకుపోయిందన్న మాట ఏ శీతాకాలంలోనైనా ఒకసారి వినిపిస్తే అదే గొప్ప. ఆ మాట కోసం మేము లోపల కూర్చుని, పిల్లలు బడి గంట కోసం చూసినట్టు చూసేవాళ్ళం.

ఆ పైన కార్ఖానాలో రాత్రిళ్ళు ఒకే ఒక్క మనిషి ఉండేవాడు. మానోల్. బాయిలర్ చూసుకునేవాడు. సాయంత్రం మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చే బస్సులో పైకి వెళ్ళి, రాత్రంతా కట్టెలు వేసి, పొద్దుటికి ఇస్త్రీ పెట్టెలకు ఆవిరి, హాలుకు వెచ్చదనం సిద్ధం చేసేవాడు. పొద్దున మేము దిగుతుంటే అతను ఎక్కేవాడు. కిటికీ దగ్గర నిలబడి బస్సు కోసం చూస్తూ ఉండేవాడు. అద్దంలో ముందు అతని గుండ్రటి ముఖం కనబడేది, తర్వాతే కార్ఖానా.

"మీ కోసం కాచిపెట్టాను రాణులారా. చల్లారిపోకముందే లోపలికి నడవండి," అనేవాడు మెట్టు మీద పక్కకు ఒదిగి.

"నీకు ఇంట్లో ఎవరు కాచిపెడతారు మామా?" అనేది వెనెతా.

"నా ఫిదాన్కా చిక్కుళ్ళ పులుసు కాచి కూర్చుంది. నీలాగా నోరు కాదు, దానికి చెయ్యి నడుస్తుంది."

ఫిదాన్కా అతని భార్య. ఒకప్పుడు మాతోనే బొత్తాల రంధ్రాలు కుట్టేది. చూపు మందగించాక మానేసింది. బస్సు కూడలికి తిరిగొచ్చే వేళకు ఆవిడ గుమ్మంలో నిలబడి ఉండేది.

ఆ రోజు జనవరిలో వచ్చే మంత్రసాని పండుగ. మా వైపు అది ఆడవాళ్ళ పండుగ. ఆ రోజు మంత్రసాని చేతులు కడిగి, ఆమెకు తువ్వాలు ఇచ్చి, తర్వాత ఆడవాళ్ళంతా ఒకచోట చేరి పళ్ళసారా తాగి, పాటలు పాడి, ఏడాది పొడుగునా నోట్లో దాచుకున్న బూతులన్నీ బయటికి తీస్తారు. మగవాళ్ళు ఇంట్లో దాక్కుంటారు. దారిలో ఎవడైనా దొరికాడా, వాడి టోపీ లాక్కుంటారు. విడిపించుకోవాలంటే ఆడవాళ్ళు అడిగింది చెయ్యాలి. మోకాళ్ళ మీద నడవమంటే నడవాలి. ఇందులో కోపగించుకున్న మగవాణ్ణి ఏడాదంతా ఊరు నవ్వుతుంది.

ఆ ఏడు పండుగ పనిరోజున పడింది. ముందు రోజు నుంచీ మంచు పడుతూనే ఉంది. పొద్దున లేచేసరికి కంచెలు కనబడలేదు. కూడలికి వచ్చేసరికి వెనెతా సంచిలో సీసా, నా సంచిలో పొరల మధ్య జున్ను పెట్టి కాల్చిన బానిత్సా పళ్ళెం, ఇంకొకతె సంచిలో బెల్లపు రొట్టె. మధ్యాహ్నం అన్నం వేళ మిషన్ల మధ్యే పండుగ చేసుకుందామని మా ఆలోచన. కానీ ఆకాశం చూశాక అందరి మనసులోనూ ఒకటే ఆశ.

బోజిల్ కర్ర తీసుకుని మెట్టు దిగబోతుంటే వెనెతా వెనక నుంచి వచ్చి అతని టోపీ లాగేసింది. గొర్రెచర్మపు టోపీ, చెవుల మీదికి దిగేది.

"దొరికాడు! మొదటి మగవాడు దొరికాడే!"

బస్సంతా గొల్లుమంది.

"టోపీ ఇవ్వు వెనెతా. గాలి కొడుతోంది."

"ఈ రోజు మగాళ్ళ మాట చెల్లదు బాబాయ్. మూసుకుపోయిందని అను, ఇచ్చేస్తా."

"చూడకుండా ఎలా అంటాను?"

"చూసే అను. కానీ మూసుకుపోయిందనే అను."

"చూశాక ఏది ఉంటే అదే అంటాను."

"అయితే టోపీ లేకుండా వెళ్ళి చూడు. చెవులు రాలిపోతే మా అందరికీ తలా ఒక ముక్క పంచు."

వెనక సీట్లోంచి ఇంకొకతె అరిచింది, "పెళ్ళాం లేని మగాడివి, మా ముప్పై మంది కోరిక ఒక్కటీ తీర్చలేవా?" ఇంక చెప్పాలా? డ్రైవరు సీటు దగ్గర వేలాడే ఎండు తులసి కట్ట కూడా ఊగిపోయేలా నవ్వాం. బోజిల్ మెడ ఎర్రబడింది. కోపమో సిగ్గో తెలియదు. చెయ్యి ఒకసారి టోపీ వైపు చాచి, వెనక్కి తీసుకున్నాడు. టోపీ లేకుండానే దిగి నడిచాడు.

రొట్టెల కొట్టు గోడ దాటేసరికే మంచు అతన్ని మింగేసింది. తర్వాత ఏమీ కనబడలేదు. నేను చేతి తొడుగుతో అద్దం తుడిచి చూశాను. తెల్లగా తప్ప ఏమీ లేదు. లోపల వెనెతా ఆ టోపీ తన తల మీద పెట్టుకుని, బోజిల్ గొంతుతో, "బూట్లు దులుపుకోండమ్మా, బూట్లు," అంటూ బస్సంతా తిరుగుతోంది. ఎంతసేపు నవ్వామో తెలియదు. అతను తిరిగి రావడానికి మామూలుగా పట్టేంత సేపు పట్టిందా, తక్కువ పట్టిందా? తర్వాత ఒకరినొకరం ఎన్నోసార్లు అడిగి చూసుకున్నాం. ఒకతె చాలాసేపు అంది. ఒకతె ఇలా వెళ్ళి అలా వచ్చాడంది. నవ్వేవాళ్ళకు కాలం తెలుస్తుందా?

తలుపు తెరుచుకుంది. జుట్టు మీద, కనుబొమల మీద మంచు గడ్డకట్టి ఉంది. చెవులు ఎర్రగా కాదు, తెల్లబడిపోయి ఉన్నాయి.

"మూసుకుపోయింది," అన్నాడు.

మేము వేసిన కేకలకు రొట్టెల కొట్టువాడు పిండి చేతులతో బయటికి వచ్చాడు. వెనెతా టోపీని తనే బోజిల్ తల మీద పెట్టి, రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టి, సీసా మూత తీసి నోటికి అందించింది. అతను ఒక గుటక వేశాడు.

"మరి మానోల్ మామ?" అని ఎవరో అడిగారు.

బోజిల్ కొండ వైపు చూశాడు. "పొయ్యి ఉంది. రొట్టె ఉంది. మంచు నెమ్మదించాక నేనే వెళ్ళి తీసుకొస్తా."

ఎవరికీ అది పెద్ద విషయం అనిపించలేదు. మానోల్ అలా ఇంతకుముందూ ఆగిపోయాడు. ఫిదాన్కాకు కబురు చెప్పడానికి బోజిలే వెళ్ళాడు.

అనుకోకుండా దొరికిన సెలవు రుచి వేరు. ఆదివారం మనది అని ముందే తెలుసు కాబట్టి దానికి పనులు పురమాయించి ఉంచుతాం. ఇది ఎవరి లెక్కలోనూ లేని రోజు. ఇంట్లో మొగుడికి తెలియదు, అత్తగారికి తెలియదు. అందరం వెనెతా ఇంటికి చేరాం. వెనెతా మొగుణ్ణి దుప్పటితో సహా పక్కింటికి తరిమింది. పొయ్యి మీద సారా వేడి చేసి తేనె కలిపాం. నా బానిత్సా కోశాం. మంత్రసాని ముసలావిడ చేతుల మీద నీళ్ళు పోశాం. బయట మంచు పడుతుంటే లోపల కిటికీలు చెమటపట్టాయి. ఆ గదిలో ఆ పూట కూర్చున్నంత తేలికగా నేను జీవితంలో ఇంకెప్పుడూ కూర్చోలేదు.

అప్పుడు ఆ చప్పుడు వినిపించింది. గట్టిగా కాదు. ఎక్కడో లోతుగా. గూట్లో పళ్ళేలు ఒకదానికొకటి తగిలి మోగాయి.

"మా ఆయన మంచం మీంచి పడ్డాడు," అంది వెనెతా.

మళ్ళీ నవ్వాం.

కాసేపటికి మంచు తోసే బండి హారను ఆగకుండా మోగుతూ కూడలి వైపు వచ్చింది. అది కనుమ అవతలి వైపు నుంచి మొదలై, కార్ఖానా మీదుగా ఊళ్ళోకి దిగుతుంది. నడిపేవాడు కాలిన్, వెనెతా తమ్ముడు. తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. వాడి ముఖం చూసి పాట ఆగిపోయింది.

"మీరంతా ఇక్కడే ఉన్నారా?" అన్నాడు. "అందరూ ఉన్నారా?"

"ఉండక? తాగుతావా?" అంది వెనెతా.

వాడు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి భుజం తాకుతూ పేరు పలకడం మొదలుపెట్టాడు. నా దగ్గరికి వచ్చి, "ఇల్కా అక్క," అన్నాడు. అందరి పేర్లూ అయ్యాక గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

"పైన కప్పు లేదు," అన్నాడు. "మొత్తం కిందికి దిగిపోయింది. మిషన్ల మీద. మీరంతా లోపల ఉన్నారనుకున్నా. అరిచాను. ఎవరూ పలకలేదు. అక్కా, ఎవరూ పలకలేదు."

నాకు నా కుర్చీ గుర్తొచ్చింది. దాని మీద నేను ఊలుతో అల్లి కట్టుకున్న దిండు. ఆ వేళకు నేను దాని మీద కూర్చుని ఉండాలి. పక్కన వెనెతా కూర్చుని ఉండాలి. నా చేతిలో అప్పటికీ బానిత్సా ముక్క ఉంది. అది ఏమిటో అర్థం కానట్టు దాని వంకే చూస్తూ ఉండిపోయాను.

అప్పుడు మంత్రసాని ముసలావిడ అంది, "మానోల్?"

మగవాళ్ళు పారలు తీసుకుని కాలిన్ బండి ఎక్కారు. మేము వెనక నడిచాం. అందరికంటే ముందు, బండి కంటే ముందే, బోజిల్ పరుగెత్తాడని తర్వాత తెలిసింది. గుర్రపుమెడ మలుపు దగ్గరికి వచ్చేసరికి నేను అటూ ఇటూ చూశాను. దారికి ఇరువైపులా మంచు గోడలు. కాలిన్ బండి దిగి వచ్చేటప్పుడు అక్కడున్నదంతా లోయలోకి తోసేసింది. ఆ పొద్దున అక్కడ నడుము లోతు ఉందో, మోకాలి లోతే ఉందో చెప్పగలిగిన మంచు లోయలో పడి ఉంది. కాలిన్‌ను అడిగితే, "దారంతా తోస్తూనే వచ్చాను. నా బండికి అన్నీ ఒకటే," అన్నాడు. తర్వాత ఒకసారి చాలా ఉందన్నాడు. ఇంకొకసారి అంత లేదన్నాడు. అడిగినవాళ్ళకు ఏది కావాలో అది చెప్పాడు పాపం.

బాయిలర్ గది చెక్కుచెదరలేదు. పొయ్యిలో నిప్పు ఉంది. దాని మీద మానోల్ కెటిలు ఇంకా మరుగుతోంది. అతను ఆ గదిలో ఉంటే బతికి ఉండేవాడు.

అతను హాల్లో దొరికాడు. దారి కనిపించే చివరి కిటికీ కింద. కోటు మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, భుజాన సంచి తగిలించుకుని.

బస్సు కోసం చూస్తున్నాడు.

బోజిల్ పార వదిలేసి ఉత్త చేతులతో తవ్వాడు. మానోల్ ముఖం బయటపడగానే ఆగిపోయాడు. వంగి, మానోల్ బూట్ల మీద మంచును అరచేత్తో దులపడం మొదలుపెట్టాడు. ఒక బూటు. తర్వాత రెండోది. ఎవరో భుజం పట్టి లేపేదాకా దులుపుతూనే ఉన్నాడు.

ఆ శీతాకాలమంతా ఊరు కొయ్యబారిపోయింది. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు బిందె నిండి పొర్లుతున్నా కదిలేవాళ్ళు కాదు. రాత్రి వంట చేస్తూ నేను ఉన్నట్టుండి కప్పు వంక చూసేదాన్ని. పిల్లలు తల్లుల కొంగు వదలలేదు. పట్నం నుంచి అధికారులు వచ్చారు. కప్పు ఎవరు కట్టారు, దూలాలు ఎంత బరువు మోస్తాయి, మంచు ఎందుకు దింపించలేదు అని అడిగారు. దారి సంగతి ఏ అధికారీ అడగలేదు. వాళ్ళకు దానితో పని లేదు.

ఊరు మాత్రం వేరే సంగతి మాట్లాడుకుంది. ముప్పై మంది ఆడవాళ్ళు. ఒక్క మాటతో ముప్పై మంది. తొలి వారంలోనే ఒక పిల్ల తల్లి దారిలో బోజిల్‌ను ఆపి చెయ్యి ముద్దు పెట్టుకుంది. పూజారి చర్చిలో అతని పేరు చెప్పి, దేవుడు ఎవరి నోటితో మాట్లాడతాడో మనకు తెలియదన్నాడు.

"దేవుడు నీ చెవిలో చెప్పాడు బాబాయ్," అంది వెనెతా. అప్పటికి ఆమె గొంతులో వెక్కిరింత పూర్తిగా పోయింది. అది చూస్తే నాకు ఇంకా భయం వేసేది.

"నా చెవిలో ఎవరూ ఏమీ చెప్పలేదు. గాలి తప్ప నేనేమీ వినలేదు."

అది వినయం అనుకున్నారు. అతను కాదన్న కొద్దీ గౌరవం పెరిగింది. దారిలో మగవాళ్ళు అతనికి టోపీలు తీసేవారు. నా కళ్ళ ముందే అతను ఆ టోపీల నుంచి తప్పించుకోవడానికి సందులు మార్చి నడిచేవాడు.

వాళ్ళు ఎవరూ చూడనిదేదో నాకు కనబడుతూ ఉండేది. దారి నిజంగా మూసుకుపోయి ఉంటే ఆ పొద్దున ఎవరూ ఏమీ చెయ్యలేదు. మంచు మమ్మల్ని కాపాడింది, మంచే మానోల్‌ను తీసుకుపోయింది. దారి తెరిచే ఉంటే, చెవులు గడ్డకట్టి సగంలోనే తిరిగొచ్చో, మా గోలకు లొంగో, బోజిల్ జీవితంలో మొదటిసారి చూడని మాట చెప్పి ఉంటే, ఆ మాటే మమ్మల్ని బతికించింది. ఆ మాటే మానోల్‌ను కిటికీ దగ్గర నిలబెట్టింది. ఒక్క మాటకు ఇన్ని బతుకులు, ఒక చావు.

వసంతానికి కార్ఖానాను ఊళ్ళోని పాత బడిలోకి మార్చారు. ఇక బస్సు అవసరం లేకపోయింది. అది కూడలిలో అలాగే నిలబడి ఉండేది. బోజిల్ పొద్దున వచ్చి, డ్రైవరు సీట్లో కూర్చుని, కాసేపు ఉండి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు పనికి వెళ్తూ తలుపు దగ్గర ఆగాను.

"ఇల్కా, నువ్వు చాలా చదువుతావు కదా," అన్నాడు.

"ఏదో, కాలక్షేపం."

"మనిషి తను ఏం చేశాడో తనే మర్చిపోవడం పుస్తకాల్లో ఉంటుందా? ముసలితనం వల్ల కాదు. అందరూ రోజూ వేరేలా చెబుతుంటే?"

ఉంటుందన్నాను. అతను తలూపి కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ రోజు నేను అడగాల్సిన ప్రశ్న నా నాలుక చివర ఉంది. అడగడానికి నా హక్కేమిటి? అడిగే హక్కు ఉన్నది ఒక్క ఫిదాన్కాకే. ఆవిడ ఎవరితోనూ మాట్లాడటం లేదు. బోజిల్ తెల్లవారకముందే వెళ్ళి ఆవిడ కట్టెలు కొట్టి పెట్టి, తలుపు తెరుచుకునేలోపు వచ్చేసేవాడని ఇరుగుపొరుగు చెప్పుకునేవారు. కట్టెలు ఎవరు కొడుతున్నారని ఫిదాన్కా ఎవరినీ అడగలేదు.

చావు తప్పించుకున్నవాళ్ళు మా కొండల్లో కుర్బాన్ చేస్తారు. గొర్రెను కోసి, పెద్ద గుండిగల్లో వండి, ఊరందరికీ పెట్టే మొక్కు అది. ఎవరి వల్ల బతికారో అతనికి మొదటి గిన్నె. ఒకసారి మొక్కుకుంటే ఏటేటా చెయ్యాలి. ముప్పై మంది ఆడవాళ్ళం కలిసి మొక్కుకున్నాం. వసంతంలో వచ్చే సెయింట్ జార్జి పండుగ నాడు, ఊరి పైన ఉన్న చిన్న చర్చి ఆవరణలో.

గడ్డి అప్పుడే పచ్చబడుతోంది. పొడవాటి బల్లలు వేశాం. ఎవరి గిన్నె, ఎవరి చెంచా వాళ్ళు తెచ్చుకున్నారు. పూజారి గుండిగల మీద ప్రార్థన చదివాడు. బోజిల్ రానన్నాడు. వెనెతా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి బల్ల మొదట్లో కూర్చోబెట్టింది. కొత్త చొక్కా వేసుకున్నాడు. ఎవరిదో పెళ్ళికి బలవంతాన వచ్చినవాడిలా కూర్చున్నాడు. మొదటి గరిటె అతని గిన్నెలో పడింది. పిల్లలు చుట్టూ చేరి చూస్తున్నారు.

అప్పుడు ఆవరణ గేటు దగ్గర మాటలు ఆగిపోయాయి. ఫిదాన్కా వస్తోంది. నల్ల బట్టల్లో, చేతిలో తన గిన్నె, తన చెంచా. ఆవిడ వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఇది మేము బతికినందుకు పెడుతున్న భోజనం. జనం తప్పుకుని దారి ఇచ్చారు. చూపు సరిగా ఆనక, బల్ల అంచు చేత్తో తడుముకుంటూ వచ్చి, బోజిల్ ఎదురుగా కూర్చుంది.

వెనెతా గరిటె తెచ్చి ఆవిడ గిన్నె నింపింది. కొంచెం బల్ల మీద ఒలికింది. "తిను అత్తా. వేడిగా ఉంది."

ఫిదాన్కా ఒక చెంచా తిన్నది. "ఉప్పు సరిపోయింది," అంది.

ఊపిరి పీల్చుకున్నాం. అంతలో ఆవిడ తల ఎత్తింది.

"బోజిలన్నా, ఆ రోజు నువ్వు గుర్రపుమెడ మలుపు దాకా వెళ్ళావా?"

"ఇప్పుడెందుకత్తా ఆ మాట," అంది వెనెతా. "తినేటప్పుడు..."

"నిన్ను కాదమ్మా నేను అడుగుతున్నది." ఆవిడ గొంతులో కోపం లేదు. "అన్నా, వెళ్ళావనుకో, దారి లేదనుకో, మంచు తీసుకుపోయిందని చెప్పుకుంటా. వెళ్ళలేదనుకో, ఇదిగో ఇంతమంది పిల్లలకు తల్లులు మిగిలారని చెప్పుకుంటా. రెండిట్లో ఏదైనా నేను మోస్తాను. నా మోపు నేను మోసుకోగలను. కానీ ఏది మోయాలో తెలియకుండా ఎలా ఎత్తుకోను? పొద్దున లేస్తే ఒకటి, రాత్రి పడుకుంటే ఇంకొకటి. నువ్వు నాకు కట్టెలు కొట్టి పెట్టక్కర్లేదు. ఈ ఒక్కటి చెప్పు."

బోజిల్ చెంచా కింద పెట్టాడు. నేను అతని పక్కనే కూర్చున్నాను. అతని పెదవులు విడివడ్డాయి. నిజంగానే ఏదో చెప్పబోయాడు, ఆ మాట మొదలు గొంతులో కదలడం నాకు కనబడింది. అతని చూపు ఫిదాన్కా మీంచి బల్ల పొడుగునా వెళ్ళింది. వెనెతా. ఆమె పక్కన ఆమె కూతురు. తర్వాత ఇంకొకతె, ఇంకొకతె. ముప్పై ముఖాలు, ఆ ముఖాలన్నిటిలోనూ ఒకటే బతిమాలాట. ఏది చెప్పమని బతిమాలుతున్నామో మాకే తెలియదు. నాకూ తెలియదు. వెళ్ళానని చెబితే, దేవుడు పలికిన మాట ఇంక లేదు. వెళ్ళలేదని చెబితే, ఫిదాన్కా ఎదురుగా మేము తింటున్న కూడు మా గొంతు దిగదు.

అతను పెదవులు మూసుకున్నాడు.

"రొట్టె అయిపోయింది," అన్నాడు నెమ్మదిగా. "తెస్తాను."

మా ముందు రొట్టె ఉంది. అందరికీ కనబడుతూనే ఉంది.

అతను లేచాడు. గిన్నెలో పులుసు అలాగే ఉంది, పైన కొవ్వు పేరుకోవడం మొదలైంది. ఎవరూ ఆపలేదు. ఫిదాన్కా చెయ్యి బల్ల మీద అలాగే చాచి ఉంచింది, అతను అందులో ఏదో పెట్టి వెళ్తాడన్నట్టు. అతను గుండిగలు దాటాడు. రొట్టెలు పేర్చిన బల్ల దగ్గరికి వెళ్ళాడు, ఒక్క క్షణం దాని ముందు నిలబడ్డాడు, ఒక్క రొట్టె కూడా ముట్టుకోలేదు. పూజారి ఏదో పలకరించాడు. బోజిల్ తలూపాడో లేదో. ఆవరణ గేటు తోసుకుని బయటికి నడిచాడు. కుడివైపు ఊరికి దిగే దారి. ఎడమవైపు కనుమకు ఎక్కే దారి. అతను కనుమ వైపు, గుర్రపుమెడ మలుపుకు పోయే దారిలోకి తిరిగాడు. మేము మెడలు చాచి చూస్తూ ఉండిపోయాం. అతని కొత్త చొక్కా వీపు కాసేపు కనబడింది. తర్వాత కనబడలేదు.